ఎవరి స్ట్రైకర్ వారిదే

(మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం వాళ్ళు ఫోన్ చేసి, “ఇంజనీరువు కదా, ఓర్వకల్లు సోలార్ పార్కు గురించో, కంప్యూటర్ల గురించో ఒక ఇరవై నిమిషాలు చెప్పు” అన్నారు. సరేనన్నాను. రాయడానికి కూర్చున్నాక ఆ విషయాలు నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఈ హాల్లోనే పదిమంది ఉన్నారని గుర్తొచ్చింది. అందుకని ఆటల గురించి మాట్లాడతాను. అందులోనూ ఒక చిన్న సంగతి. పోటీకి వచ్చేవాడు ఆట సామాను ఇంటి నుంచి తెచ్చుకోవచ్చా? తెచ్చుకుంటే ఎంతవరకు? నవ్వకండి. ఈ ప్రశ్న మీద అమెరికాలో కోర్టు కేసు నడిచింది. నా మీద నలభై ఏళ్ళుగా నడుస్తూనే ఉంది.

కిందటి వేసవిలో మా అబ్బాయి దగ్గర డల్లాస్‌లో రెండు నెలలున్నాను. ఎండ మన కర్నూలుకు ఏమాత్రం తీసిపోదు. ఒక శనివారం పొద్దున “నాన్నా, టోర్నమెంటు ఉంది, వస్తావా?” అన్నాడు. క్రికెట్ అనుకుని టోపీ పెట్టుకుని బయల్దేరాను. తీరా చూస్తే ఏసీ హాలు. వరసగా బల్లలు. ఒక్కో బల్ల మీద కూలిన గోడలు, గుట్టలు, శిథిలాలు. వాటి మధ్య బొటనవేలంత సైనికుల బొమ్మలు, ఒక్కోదానికి కనుగుడ్డు దాకా రంగులు వేసి ఉన్నాయి. దసరా బొమ్మల కొలువు జ్ఞాపకం వచ్చింది. కాకపోతే ఇక్కడ పేరంటాళ్ళకు బదులు గడ్డాలు పెంచిన మగవాళ్ళు టేపులు పట్టుకుని వంగి వంగి కొలుస్తున్నారు.

ఆట పేరు వార్‌హామర్ 40,000. ఇంగ్లండులో నాటింగ్‌హామ్‌లో ఉండే గేమ్స్ వర్క్‌షాప్ అనే కంపెనీ 1987లో మొదలుపెట్టింది. ఎవరి సైన్యం వారే తెచ్చుకోవాలి. బొమ్మలు ముక్కలుగా వస్తాయి, అంటించుకుని రంగులు వేసుకోవాలి. ఎన్ని అంగుళాలు నడిపించాలో టేపుతో కొలుస్తారు. దెబ్బ తగిలిందా లేదా అన్నది పాచికలు తేలుస్తాయి. మన చదరంగంలో ఉన్న బలమూ, అష్టాచెమ్మాలో ఉన్న అదృష్టమూ కలిపితే ఎట్లా ఉంటుందో అట్లా ఉంటుంది. ఒక్క ఆటకు మూడు గంటలు పడుతుంది.

ఈ కంపెనీ బొమ్మలకు బయటివాళ్ళు కూడా సామాను చేసి అమ్ముతారు. వేరే తలకాయలు, వేరే కత్తులు, భుజాల మీద కవచాలు, కాళ్ళ కింద పెట్టే బిళ్ళలు, గుర్తులు, పాచికలు. ఇప్పుడు త్రీడీ ప్రింటర్లు వచ్చాక ఇంట్లోనే బొమ్మ మొత్తం దించుకుంటున్నారు. కంపెనీ సొంతంగా పెట్టే పోటీల్లో కంపెనీ బొమ్మలే ఉండాలి. బయటివాళ్ళు పెట్టే పోటీల్లో మాత్రం నిర్వాహకుల ఇష్టం. మా వాడి పోటీలో బయటి సామాను ఒప్పుకుంటారు గానీ రెండు షరతులు. కొలత తేడా రాకూడదు. ఎదుటివాడు చూడగానే అది ఏ సైనికుడో, చేతిలో ఏ ఆయుధముందో పోల్చుకోగలగాలి.

కొలత ఎందుకంటే, దూరం కొలిచేది బొమ్మ కాళ్ళ కింది బిళ్ళ అంచు నుంచి. 40 మిల్లీమీటర్ల బిళ్ళ ఉండాల్సిన చోట 32 మిల్లీమీటర్లది పెడితే ఇరుకు సందులో కూడా దూరిపోతుంది. నిలబడాల్సిన బొమ్మను మోకాళ్ళ మీద కూర్చోబెడితే గోడ చాటున దాక్కుంటుంది, ఎదుటివాడికి గురి దొరకదు. చూడటానికి అదొక అందమైన భంగిమ. పని మాత్రం దొంగపని. ‘లాభం కోసం బొమ్మను మలచడం’ అని అర్థం వచ్చేట్టు వాళ్ళు దానికి ఒక పేరు కూడా పెట్టుకున్నారు. అంతకుముందు ఇదంతా చిన్నపిల్లల వ్యవహారమనుకున్న నేను ఆ మాట విన్నాక కుర్చీ ముందుకు జరుపుకున్నాను.

ఎందుకంటే ముప్పై ఏళ్ళు నేను చేసింది ఈ పనే. థర్మల్ ప్లాంటులో పంపు బేరింగో, వాల్వో అరిగిపోతే కంపెనీ స్పేరు తెప్పించాలా, బయట చేయించాలా అన్న పేచీ రోజూ ఉండేది. కంపెనీది ఖరీదు, పైగా ఆరు నెలలు ఆగాలి. బయటిది చవక, వారంలో వస్తుంది. మా పెద్ద ఇంజనీరు ఒకాయన ఉండేవారు. ఎవరు చేశారని అడిగేవారు కాదు. “డ్రాయింగు పక్కన పెట్టి కొలిచినావా?” అనేవారు. కొలిచి, టెస్ట్ సర్టిఫికెట్ చూసి, సరిపోతే వేసేవాళ్ళం. కొలవనివ్వని సరఫరాదారుడి సరుకు మాత్రం బంగారంతో చేసినా గేటు దాటనిచ్చేవారు కాదు.

కోర్టు కేసు అన్నాను కదా. షికాగోలో నడిచింది. ఛాప్టర్‌హౌస్ స్టూడియోస్ అనే చిన్న సంస్థ గేమ్స్ వర్క్‌షాప్ బొమ్మలకు సరిపోయే భుజకవచాల్లాంటివి చేసి అమ్ముతుంటే, కంపెనీ 2010 చివర్లో కాపీరైటు, ట్రేడ్‌మార్కు దావా వేసింది. 2013లో జ్యూరీ కొన్ని సరుకుల విషయంలో కంపెనీ పక్షాన, కొన్నింటి విషయంలో చిన్న సంస్థ పక్షాన తీర్పు చెప్పింది. కంపెనీకి దక్కింది 25 వేల డాలర్లు. అప్పీలులో ఉండగా 2014లో రాజీ పడ్డారు. అమ్ముకునే హక్కు ఎవరిదన్నది అక్కడ తగువు. ఆడేవాడి తగువు వేరు, దానికి లాయర్లు అక్కర్లేదు. ఆ శనివారం నా కళ్ళముందు అది ఎట్లా తెగిపోయిందో చెబుతాను.

రెండో ఆటలో మా వాడికి ఎదురుగా నలభై ఏళ్ళ మనిషి కూర్చున్నాడు. మా వాడి పాచికలు ఎక్కడో ఆన్‌లైన్‌లో కొన్నవి, నీలిరంగువి, చూడముచ్చటగా ఉంటాయి. ఆ రోజు వాడి చేయి బాగుందో ఏమో, మూడు సార్లు వరసగా ఆరులే ఆరులు. నాకే అనుమానం వచ్చింది, ఎదుటివాడికి రాదా? ఆయన కోపంగా ఏమీ అనలేదు. “నీ పాచికలతో నేను కూడా వేయొచ్చా?” అన్నాడు, అంతే. మా వాడు తలెత్తి కూడా చూడకుండా పాచికల పళ్ళెం బల్ల మధ్యకు తోశాడు. అక్కడి నుంచి ఆట అయిపోయేదాకా ఇద్దరూ వాటితోనే వేశారు. అక్కడ అది మామూలేనట. పాచిక మీద సందేహముంటే ఎవరినీ దొంగ అనక్కర్లేదు, ఇద్దరూ ఒకే పాచికలు వాడితే సరి. దోషముంటే ఇద్దరికీ ఉంటుంది.

రెండు సెకన్ల పని. నా చేతిలో కాఫీ అట్లాగే చల్లారిపోయింది.

ఎందుకో చెప్పాలంటే ముందు మా జేజి అరుగు దగ్గరికి రావాలి. మా జేజివాళ్ళది బేతంచెర్ల పక్కన పల్లె. ఆ పక్క ఇళ్ళకు గచ్చు ఉండదు, బండలే. అరుగు బండ మీద ఎవరో ఎప్పుడో ఉలితో పులిజూదం గీతలు చెక్కారు. మూడు పులులు, పదిహేను మేకలు. పులులకు గులకరాళ్ళు, మేకలకు చింతపిక్కలు. రాయి లేకపోతే గాజుపెంకు, అదీ లేకపోతే శనగగింజ. ఏది పెట్టినా పులి పులే, మేక మేకే. ఎవరి కాయలు వాళ్ళు తెచ్చుకునేవాళ్ళం, ఎవరికీ అభ్యంతరం ఉండేది కాదు.

అష్టాచెమ్మాకు మాత్రం వేరే పద్ధతి. కాయలు ఎవరివి వారివే, వేసే పిక్కలు మాత్రం అందరికీ ఒకటే. గవ్వలు కొనే స్తోమత లేక చింతపిక్కలను ఒక పక్క బండ మీద అరగదీసి తెల్లగా చేసుకునేవాళ్ళం. నాలుగు పిక్కలు. నాలుగూ తెల్లగా పడితే చెమ్మా, నాలుగూ నల్లగా పడితే అష్టా. ఒక సెలవుల్లో నేను ఇంట్లో కూర్చుని శ్రద్ధగా నాలుగు పిక్కలు అరగదీసుకుని తీసుకెళ్ళాను. మా జేజి వాటిని వేలితో అటూ ఇటూ తిప్పి చూసి, “నీ పిక్కలు నీ ఇంట్ల ఆడుకో పో” అని వాకిట్లోకి విసిరేసింది. ఆమెకు చదువు రాదు. నేను ఇంజనీరింగులో చేరాక లెక్క కట్టి చూశాను. పిక్క రెండు పక్కలా సమానంగా పడితే చెమ్మా పడే అవకాశం పదహారింట ఒకటి, అంటే నూటికి ఆరు. అరగదీయడంలో తేడా వచ్చి ఒక్కో పిక్క నూటికి అరవై సార్లు తెల్లగా పడిందనుకోండి, చెమ్మా నూటికి పదమూడు సార్లు పడుతుంది. రెట్టింపు! కంటికి కనిపించని అరుగుదలలో అంత ఉంది. మా జేజి వేలికి అది తెలిసింది.

ఇక మన బడికి వద్దాం. 1984. నేను తొమ్మిదో తరగతి. లైబ్రరీ వరండాలో ఒకే ఒక్క క్యారమ్ బోర్డు ఉండేది, ఒక కాలికి అట్టముక్క పెట్టి. మధ్యాహ్నం అన్నం డబ్బా సగం తిని పరుగెత్తేవాళ్ళం. కర్నూలు ఎండ వల్ల మనకు జరిగిన మేలు ఏదైనా ఉందంటే అది క్యారమ్స్ విషయంలోనే. గాలిలో తడి లేదు కాబట్టి బోర్డు ఎప్పుడూ గాజులాగా జారేది. నెల్లూరు నుంచి బదిలీ మీద వచ్చిన ఒక సారు మొదటిరోజు మెల్లగా కొడితే స్ట్రైకర్ వెళ్ళి అవతలి చెక్కకు కొట్టుకుని మళ్ళీ ఆయన చేతిలోకే వచ్చింది. పౌడరు విషయంలో ఎవరి వైద్యం వారిది. మందుల షాపు బోరిక్ పౌడరు మంచిదని సీనియర్లు, అమ్మ ముఖానికి వేసుకునే పౌడరు చాలునని జూనియర్లు. ముఖం పౌడరు కాసేపటికి జిడ్డుగా పట్టుకునేది, బోర్డుకు మాత్రం పెళ్ళివారి వాసన వచ్చేది. పౌడరు ఎవరు తెచ్చినా బోర్డంతటికీ కదా. అందుకని దానిమీద వాదనే గానీ తగాదా ఉండేది కాదు.

తగాదా అంతా స్ట్రైకర్ దగ్గరే. క్యారమ్స్‌లో బోర్డు ఒకటే, కాయిన్లు ఒకటే, స్ట్రైకర్ మాత్రం ఎవరిది వారు తెచ్చుకోవచ్చు. అఖిల భారత క్యారమ్ సమాఖ్య 1956 నుంచి, అంతర్జాతీయ సమాఖ్య 1988 నుంచి ఉన్నాయి. ప్రపంచ చాంపియన్లు కూడా సొంత స్ట్రైకర్‌తోనే ఆడతారు, మన హైదరాబాదు అమ్మాయి అపూర్వతో సహా. వేళ్ళకు అలవాటైన బిళ్ళ అది, వంటమనిషికి గరిటె లాంటిది. కానీ దానికి హద్దులున్నాయి. గుండ్రంగా, నున్నగా ఉండాలి. వ్యాసం 4.13 సెంటీమీటర్లు, బరువు 15 గ్రాములు మించకూడదు. లోహంతో చేసింది పనికిరాదు. మన డ్రిల్లు సారు ప్రతి ఏడూ పోటీల ముందు బోర్డు మీద సుద్దముక్కతో రాసేవారు, ‘15 గ్రా. మించరాదు’ అని. రాయడమే గానీ తూచడం ఉండేది కాదు. కెమిస్ట్రీ ల్యాబులో అద్దాల పెట్టెలో త్రాసు ఉండేది, తాళం వేసి.

ఆ ఏడు వేసవి సెలవుల్లో ప్రొద్దుటూరులో మా మామ ఇంటికి వెళ్ళాను. మామకు సైకిల్ షాపు. పక్కనే లేతు మిషను. లేతు అన్నకు నా స్ట్రైకర్ ఇచ్చి కింది పక్క రూపాయి బిళ్ళకంటే చిన్నగా, రెండు మిల్లీమీటర్ల లోతున గుంట తవ్వించాను. అందులో సీసం బిళ్ళ కూర్చోబెట్టి, అరల్డైట్‌లో తెల్లరంగు కలిపి పూసి, నున్నగా రుద్దించాను. పాలతెలుపు స్ట్రైకర్, ఏమీ కనపడదు. లేతు అన్న చేతిలో ఎగరేసి పట్టుకుని, “ఇది ఆటకా, కొట్లాటకా?” అన్నాడు. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళ ఊరు. మామకు తెలిసిన అంగట్లో తూయించాం. 21 గ్రాములు. రెండు తులాలకు కొంచెం తక్కువ. అంగడాయన, “బంగారమైతే బాగుండునే అబ్బోడా” అన్నాడు. అందరం నవ్వాం.

నాకు నిబంధన తెలియదా అంటే తెలుసు. ఆ మాట ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు.

డిసెంబరులో పోటీలు. ఫైనల్లో నా ఎదుట కూర్చున్నవాడు నా బెంచీ మిత్రుడు. పేరు చెప్పను, వాడికి తెలుసు. వాడికి సొంత స్ట్రైకర్ లేదు. బడి స్ట్రైకర్‌తోనే ఆడేవాడు. దాని అంచు ఒక చోట పెచ్చు ఊడి ఉండేది. వాడు ఆ పెచ్చు ఎప్పుడూ తనవైపు ఉండేట్టు పెట్టుకుని కొట్టేవాడు. వాడి కట్ షాట్ చూడటానికి పదో తరగతి వాళ్ళు కూడా వచ్చేవాళ్ళు. మొదటి బోర్డు వాడిది, రెండోది నాది. మూడోదానికి బ్రేక్ నాది. కొట్టాను. గుంపు మొత్తం పేలిపోయినట్టు చెదిరింది. రెండు తెల్ల కాయిన్లు పాకెట్లో పడ్డాయి. వరండా అంతా ఒక్క అరుపు.

వాడు అరవలేదు. బోర్డు వంక చూశాడు, తర్వాత నా స్ట్రైకర్ వంక చూశాడు. “ఒగతూరి నీ స్ట్రైకర్ ఇయ్యిరా, నేను గూడ కొట్టి సూస్తా” అన్నాడు. గొంతులో అనుమానం లేదు. నిజంగానే ముచ్చటపడి అడిగాడు.

నేను ఇవ్వలేదు. “నా చేతికి అలవాటైంది, వేరేవాళ్ళు కొడితే అలవాటు తప్పుతాది” అన్నాను. పక్కనున్న డ్రిల్లు సారు, “వాని సామాను వాని ఇష్టంలే, నువ్వు ఆడు” అన్నారు. సారు మాటలో తప్పేమీ లేదు. ఎవరి స్ట్రైకర్ వారిదే. వాడు పెచ్చు ఊడినదాన్ని మళ్ళీ గీత మీద పెట్టుకున్నాడు.

గెలిచాను. స్టీలు గ్లాసు ఇచ్చారు, మీద పేరు చుక్కలతో కొట్టించి. మా అమ్మ చాలా ఏళ్ళు దాన్ని చుట్టాలు వస్తేనే దించేది. వాడు మరుసటి ఏడు క్యారమ్స్ మానేసి వాలీబాల్‌కు వెళ్ళాడు. దానికీ దీనికీ సంబంధం ఉందో లేదో నాకు తెలియదు. వాడిని అడిగే ధైర్యం ఎప్పుడూ రాలేదు.

ఇంజనీరింగు రెండో ఏడు హాస్టల్లో ఒక రాత్రి నిద్రపట్టక లెక్క చేశాను. ఫిజిక్స్ సారు ఇక్కడే ఉన్నారు, తప్పయితే దిద్దండి. కాయిన్ ఐదున్నర గ్రాములు. 15 గ్రాముల స్ట్రైకర్ నేరుగా తగిలితే, శక్తి ఎక్కడా పోలేదనుకుంటే, కాయిన్ స్ట్రైకర్ వేగానికి 1.46 రెట్ల వేగంతో పోతుంది. 21 గ్రాములదైతే 1.58 రెట్లు. తేడా 8 శాతమే. తగిలాక స్ట్రైకర్‌లో మిగిలే వేగం మాత్రం పావువంతుకు పైగా పెరుగుతుంది, అందుకే గుంపును చీల్చుకుని పోతుంది. అదే బరువుతో సన్నని కట్ షాట్ కొడితే స్ట్రైకర్ ఆగదు, పాకెట్లో పడి ఫైన్ కూడా రావచ్చు. అంటే నాకు బ్రేక్‌లో కలిసొచ్చింది, మిగతా ఆటలో బహుశా ఏమీ లేదు. మామూలు స్ట్రైకర్‌తో ఆడినా గెలిచేవాణ్ణేమో. ఓడిపోయేవాణ్ణేమో. ఆ లెక్క మాత్రం ఏ సూత్రంతోనూ తేలలేదు. ఆ గ్లాసు నాదా కాదా అన్నది తెలుసుకునే దారిని నేనే సీసం పోసి మూసేశాను.

నాలాంటి పని పెద్ద పోటీల్లో కూడా జరిగిందేమోనని తర్వాత పుస్తకాల్లో చూస్తూ ఉండేవాణ్ణి, నేరస్థుడు పేపర్లో నేరవార్తలు చదివినట్టు. టేబుల్ టెన్నిస్‌లో ఒక కథ దొరికింది. 1952లో ప్రపంచ పోటీలు బొంబాయిలో జరిగాయి, ఆసియాలో అదే మొదటిసారి. జపాను నుంచి హిరోజి సాటో అనే ఆటగాడు మందపాటి స్పాంజి అంటించిన బ్యాటుతో వచ్చాడు. అప్పటిదాకా బంతి తగిలితే టక్కుమని చప్పుడయ్యేది, ఆ చప్పుడును బట్టి దెబ్బ బలం తెలిసేది. స్పాంజికి చప్పుడు లేదు. మహామహులు తికమకపడ్డారు, సాటో పురుషుల సింగిల్స్ గెలిచాడు. ఆయన్ను దొంగ అనలేం. అప్పటికి దాన్ని కాదనే నిబంధన లేదు, బ్యాటు అందరి కళ్ళముందే ఉంది. 1959లో రబ్బరు, స్పాంజి కలిపి మందం 4 మిల్లీమీటర్లు దాటరాదని సమాఖ్య నిబంధన పెట్టింది. ఆ తర్వాత కొందరు బ్యాటుకు రెండు పక్కలా వేరువేరు గుణమున్న రబ్బర్లు ఒకే రంగులో అంటించి, ఏ పక్కతో కొడుతున్నారో తెలియకుండా తిప్పడం మొదలుపెట్టారు. అందుకే 1986 నుంచి 2021 దాకా ఒక పక్క ఎరుపు, ఒక పక్క నలుపు ఉండాలన్నది నిబంధన. ఎన్ని రకాల రబ్బర్లయినా వేసుకో, ఎదుటివాడికి తెలియాలి.

ఆ నిబంధనల పుస్తకంలోనే ఒక చిన్న వాక్యం ఉంది. ఆట మొదలయ్యే ముందు, మధ్యలో బ్యాటు మార్చినా సరే, ఆటగాడు తన బ్యాటును అంపైరుకే కాదు ఎదుటి ఆటగాడికి కూడా చూపించాలి, వాళ్ళు పరీక్షించుకోనివ్వాలి. టీవీలో చూడండి, ఆట ముందు ఇద్దరూ బ్యాట్లు మార్చుకుని తిప్పి చూసుకుంటారు. అదొక మర్యాద అనుకునేవాణ్ణి. మర్యాద కాదు, నిబంధన. అది చదివిన రోజు మన వరండా జ్ఞాపకం వచ్చింది. వాడు నా స్ట్రైకర్‌తో ఒక్క దెబ్బ కొట్టి ఉంటే చాలు. వాడి వేళ్ళు మా జేజి వేళ్ళ లాంటివి, బరువు తెలిసిపోయేది. అలవాటు తప్పుతుందని నేను ఇవ్వకపోవడం కాదు. ఇస్తే తెలిసిపోతుందనే ఇవ్వలేదు.

అందుకే డల్లాస్‌లో పాచికల పళ్ళెం బల్ల మధ్యకు జరిగినప్పుడు కాఫీ గొంతు దిగలేదు. ఆ రాత్రి కారులో మా వాడిని అడిగాను, “అతను అడిగితే వెంటనే ఇచ్చేశావే, నీకు కోపం రాలేదా?” అని. “ఇవ్వకపోతే ఇంక ఆడటం ఎందుకు నాన్నా?” అన్నాడు. వాడు పెద్ద మాట అన్నాననుకోలేదు, రోడ్డు చూసి నడుపుతున్నాడు. వాడి బొమ్మల్లో సగం బయట చేసినవే, కొన్ని వాడే ప్రింట్ చేసుకున్నవి. బొమ్మ బొమ్మకూ కొలత రాసిన కాగితం పెట్టెలో పెట్టుకుని తిరుగుతాడు. ఎక్కడ నేర్చుకున్నాడో! నా దగ్గర మాత్రం కాదు.

ఒక సంగతి చెప్పి ముగిస్తాను. 2009 అక్టోబరు 2. ఈ ఊళ్ళో ఆ రోజును మరిచినవాళ్ళు ఉండరు. తుంగభద్ర పాతబస్తీ ఇళ్ళలోకి వచ్చింది. మా అమ్మానాన్న పక్కింటి మిద్దె మీద రాత్రంతా ఉన్నారు. నీళ్ళు తీశాక నేను వచ్చి చూస్తే ఇంట్లో మోకాలి లోతు బురద. నా సర్టిఫికెట్లు, పెళ్ళి ఆల్బమ్, మన పదో తరగతి గ్రూపు ఫోటో ముద్దయిపోయాయి. స్టీలు గ్లాసు ఎటు కొట్టుకుపోయిందో దొరకలేదు. ట్రంకుపెట్టె అడుగున బురద పారతో తీస్తుంటే ఏదో గట్టిగా తగిలింది. కడిగి చూశాను. నా స్ట్రైకర్. వెనక పూత రాలిపోయి సీసం బిళ్ళ బయటికి కనిపిస్తోంది. మా అమ్మ పక్కనే నిలబడి, “అయ్యో, నీ క్యారమ్స్ బిళ్ళ! ఇదన్నా మిగిలిందిలే” అంది సంతోషంగా.

అది ఇప్పుడు నా జేబులో ఉంది. ఇదిగో. కావలసినవాళ్ళు తర్వాత చేత్తో పట్టుకుని చూడవచ్చు. కెమిస్ట్రీ ల్యాబు తాళం హెడ్మాస్టరు గారిని అడిగి పొద్దుననే తీయించాను, త్రాసు కూడా తుడిచి పెట్టారు.

రెండో జేబులో కొత్తది ఒకటి ఉంది, 15 గ్రాములది. నా మిత్రుడు నంద్యాల నుంచి పొద్దున బస్సుకే వచ్చాడు. మూడో వరసలో కూర్చున్నాడు, ఇందాకటి నుంచి తల దించుకుని నవ్వుతున్నాడో, తిట్టుకుంటున్నాడో ఇక్కడి నుంచి తెలియడం లేదు. టీ అయ్యాక లైబ్రరీ వరండాలో బోర్డు వేయిస్తున్నాను. బోరిక్ పౌడరు తెచ్చాను. మూడో బోర్డు మళ్ళీ ఆడదాం రా. బ్రేక్ నీది. రెండింట్లో ఏది కావాలంటే అది తీసుకో.